వాళ్లెంతలే అనుకున్న రాత్రి

(వేదాద్రిలో జరిగిన యువజన కలయికలో సంఘం పెద్దల తరపున చేసిన ప్రసంగ పాఠం)



జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు వైపు తండాల నుంచీ, యానాది, ఎరుకల కాలనీల నుంచీ పొద్దున్నే బయల్దేరి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, మీకు తోడుగా వచ్చిన అమ్మలకూ పెద్దలకూ సంఘం తరపున స్వాగతం. పైన కొండ మీద జ్వాలా నరసింహుడు, కింద యోగానంద నరసింహుడు, ఎదురుగా కృష్ణమ్మ. ఇంత మంచి చోట కూర్చోబెట్టి మీకు ఉపన్యాసం ఇవ్వడం అన్యాయమే. అయినా ఒక అరగంట ఓర్చుకోండి.

మా ప్రసంగాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. బాగా చదువుకోండి, మందు జోలికి పోకండి, మన భాషా వేషం మరిచిపోకండి. ఇవన్నీ నిజమే, ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాం. ఇవాళ మధ్యాహ్నం ఆటలు పెట్టుకున్నాం కాబట్టి ఆట గురించే మాట్లాడదామని పెద్దలందరం అనుకున్నాం. అందులోనూ ఫుట్‌బాల్ గురించి. మన ప్రాంతంలో కబడ్డీ, వాలీబాల్ ఆడినంతగా ఫుట్‌బాల్ ఆడం. కానీ గురుకులాల్లో చదివే పిల్లలు ఆడుతున్నారు. ఇంటికొచ్చాక ఫోన్లో చూస్తున్నారు. వాళ్ల పుణ్యమా అని మేమూ చూస్తున్నాం. చూడటమే కాదు, రాత్రుళ్లు కూర్చుని వాదించుకుంటున్నాం. అలాంటి ఒక రాత్రి సంగతితో మొదలుపెడతాం.

2024 మార్చి 25. హోలీ. హోలీ అంటే తండాల్లో ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆటాపాటా అయిపోయి, ఒంటి మీద రంగులు సగం కడుక్కుని, మర్నాటి మ్యాచ్ గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం. మర్నాడు సాయంత్రం గువాహటిలో మన దేశానికీ అఫ్గానిస్తాన్‌కీ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్. అది మన కెప్టెన్ సునీల్ ఛెత్రీకి 150వ అంతర్జాతీయ మ్యాచ్.

గెలుస్తామా లేదా అన్న మాట ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. ఎన్ని గోల్స్ తేడాతో అన్నదే వాదన.

ఇంజనీరింగ్ చదివే తమ్ముడు లెక్క చెప్పాడు. "కువైట్ వాళ్లు అఫ్గానిస్తాన్‌ని నాలుగు సున్నాతో కొట్టారు. ఆ కువైట్‌ని మనం వాళ్ల దేశం వెళ్లి ఒకటి సున్నాతో కొట్టాం. అంటే రేపు మనకి ఐదు గోల్స్."

సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన అన్న ఇంకో మాట కలిపాడు. "ఖతార్ మీద వాళ్లు ఎనిమిది గోల్స్ తిన్నార్రా. ర్యాంకు చూడండి. మనది 117, వాళ్లది 158. పైగా వాళ్ల మంచి ఆటగాళ్లు చాలామంది వాళ్ల ఫెడరేషన్‌తో తగువు పెట్టుకుని అసలు రానేలేదు. వాళ్లెంతలే!"

ఆ మాటకి అందరం తలలూపాం. పెద్దవాళ్లం మేమూ ఊపాం.

గురుకులంలో ఫుట్‌బాల్ ఆడే ఒక పదో తరగతి పిల్ల గోడకి ఆనుకుని వింటోంది. ఆ పిల్ల ఒక్కతే అడిగింది. "అన్నా, మొన్న 21న అబాలో ఇదే జట్టు మీద మనవాళ్లు ఒక్క గోల్ కూడా వెయ్యలేదు కదా. జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి మూడిట్లో ఒక్క గోల్ లేదు. మరి రేపు ఐదు గోల్స్ ఎవరు వేస్తారు?"

మేమేం చేశామో చెప్పనా? నవ్వాం. "ఏందమ్మా, మన దేశం ఓడిపోవాలని కోరుకుంటున్నావా?" అని ఒకరం అన్నాం కూడా. ఆ పిల్ల ఇంక మాట్లాడలేదు. లోపలికెళ్లి పడుకుంది.

మర్నాడు జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 38వ నిమిషంలో పెనాల్టీ దొరికింది, ఛెత్రీ గోల్ వేశాడు. మిగిలిన గులాల్ తెచ్చి మళ్లీ చల్లుకున్నాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తర్వాతి రౌండులో ఎవరితో పడతామో అప్పుడే మాట్లాడుకుంటున్నాం. 70వ నిమిషంలో రహమత్ అక్బరీ కొట్టిన బంతి మన గోల్‌లో పడింది. ఫోన్ చుట్టూ ఉన్న సందడి సగం అయింది. 88వ నిమిషంలో మన గోల్‌కీపర్ వల్ల వాళ్లకి పెనాల్టీ వచ్చింది. షరీఫ్ ముఖమ్మద్ గోల్ వేశాడు. ఒకటి, రెండు. ఓడిపోయాం.

ఓటమి అన్నాక ఏదో ఒక రోజు ఎవరికైనా వస్తుంది. మేము చెప్పదలుచుకున్నది ఆ తర్వాత లెక్క. జూన్‌లో కువైట్‌తో సున్నా సున్నా. అదే ఛెత్రీ ఆఖరి మ్యాచ్ అన్నాడు. ఆ తర్వాత ఖతార్‌లో ఒకటి రెండుతో ఓడి పోటీలోంచి బయటికొచ్చేశాం. ఆ రోజు బంతి గీత దాటి బయటికి పోయాక వెనక్కి లాగి గోల్ వేశారని, రిఫరీ చూడలేదని దేశమంతా మండిపడింది. మేమూ తిట్టాం. అది అన్యాయమే. కానీ పాయింట్ల పట్టిక ఒకసారి తీసి చూడండి. ఆరు మ్యాచ్‌లయ్యాక మనకి 5 పాయింట్లు. మన పైన రెండో స్థానంలో ఉన్న కువైట్‌కి 7. గువాహటిలో ఆ రాత్రి గెలిచి ఉంటే మనకి ఇంకో 3 వచ్చి 8 అయ్యేవి. ఖతార్‌లో రిఫరీ ఏం చేసినా మనం ముందుకెళ్లేవాళ్లం. రిఫరీ మీద కోపం ఇప్పటికీ చెప్పుకుంటాం. గువాహటి సంగతి ఎవరూ ఎత్తరు. ఎందుకంటే అక్కడ పోగొట్టుకున్నది మన చేతులతో మనమే.

ర్యాంకు కూడా 117 నుంచి 121కి జారింది. ఆ ర్యాంకుల లెక్క ఎలా ఉంటుందో తెలుసా? మనకన్నా కింద ఉన్న జట్టుని గెలిస్తే వచ్చే పాయింట్లు కొన్నే. ఓడితే పోయేవి ఎక్కువ. మీద ఉన్నవాడికి పోగొట్టుకునేది ఎక్కువ, కింద ఉన్నవాడికి సంపాదించేది ఎక్కువ. అంటే చిన్న జట్టుతో ఆట ఎప్పుడూ పెద్ద ఆటే.

ఇంక అసలు ప్రశ్న. చిన్న జట్టు ఎలా గెలుస్తుంది?

ఒకటి, ఆట స్వభావం. కబడ్డీలో ముప్పై నలభై పాయింట్లు వస్తాయి. ఒక రైడులో తప్పు చేసినా తర్వాతి రైడులో దిద్దుకోవచ్చు. అందుకే అక్కడ చాలాసార్లు బాగా ఆడేవాళ్లే గెలుస్తారు. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలు ఆడినా ఒకటో రెండో గోల్స్. గంటన్నర సేపు నువ్వే బాగా ఆడినా అవతలివాడికి ఒక్క ఫ్రీ కిక్, ఒక్క పెనాల్టీ, ఒక్క జారుడు చాలు. అందుకే ప్రపంచంలో ఇంత పెద్ద ఆట అయి కూడా ఇందులో జోస్యాలు నిలవవు.

రెండు, ఎవరికి ఎవరి గురించి తెలుసు అన్నది. ఆ రోజు అఫ్గానిస్తాన్ కోచ్ యాష్లీ వెస్ట్‌వుడ్. ఆయన అంతకుముందు మన బెంగళూరు జట్టుకి కోచ్‌గా ఉండి రెండుసార్లు ఐ లీగ్ గెలిపించినవాడు. ఆ జట్టు కెప్టెన్ ఛెత్రీయే. మన ఆటగాళ్లు ఎటు తిరుగుతారో, ఎప్పుడు అలిసిపోతారో ఆయనకి తెలుసు. మరి అఫ్గాన్ జట్టులో ఎవరెవరున్నారో మా హోలీ సభలో ఒక్కరికైనా తెలుసా? ఒక్క పేరు కూడా తెలియదు. పేరు తెలియనివాడు బలహీనుడని అనుకున్నాం.

మూడు, వాళ్ల పరిస్థితి. వాళ్లకి సొంత దేశంలో మ్యాచ్ ఆడుకునే వీలు లేదు. వాళ్ల 'సొంత మైదానం' మ్యాచ్‌లు సౌదీలో జరిగాయి. అలాంటివాళ్లకి ఆ తొంభై నిమిషాలు ఏమిటో మనం ఆలోచించలేదు. ఇంకో సంగతి వినండి. అదే ఏడాది జూన్‌లో అదే అఫ్గాన్ జట్టు, వరసగా రెండుసార్లు ఆసియా కప్ గెలిచిన ఖతార్‌ని సున్నా సున్నాతో ఆపింది. మా లెక్కల్లో ఖతార్ ఎనిమిది గోల్స్ కొట్టిన జట్టు అది. ఎనిమిది గోల్స్ తిన్నవాడు ఏడు నెలల్లో ఏం నేర్చుకున్నాడో ఎవరూ అడగరు.

మీకు మెస్సీ అంటే ప్రాణం కదా. 2022 నవంబర్ 22 కూడా గుర్తు చేసుకోండి. 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని అర్జెంటీనా, ఎదురుగా సౌదీ అరేబియా. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ గోల్. ఆ తర్వాత మొదటి సగంలోనే అర్జెంటీనా ఇంకో మూడుసార్లు బంతిని గోల్‌లో వేసింది, మూడూ ఆఫ్‌సైడ్. అందరూ దురదృష్టం అన్నారు. సౌదీ వాళ్లు ధైర్యం చేసి తమ డిఫెన్స్ గీతని బాగా ముందుకి జరిపి నిలబెట్టారు, అందుకని ఆఫ్‌సైడ్‌లు పడ్డాయి. విరామం తర్వాత ఐదు నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టి గెలిచారు. ఈ కథలో రెండో సగం కూడా చెప్పుకోవాలి. ఓడిన అర్జెంటీనా తిట్టుకుంటూ కూర్చోలేదు. ఆ తర్వాత ఏ జట్టునీ తేలిగ్గా తీసుకోకుండా ఆడి చివరికి కప్పు ఎత్తింది.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని మన పెద్దలు చెప్పింది ఊరికే కాదు. కాకపోతే ఆ సామెతలో పాము వైపు నుంచి ఎవరూ ఆలోచించరు. మనం ఆలోచించాలి. ఎందుకంటే చాలాసార్లు ఆ చిన్న జట్టు మనమే.

మేము కుర్రాళ్లుగా ఉన్న రోజుల్లో సంక్రాంతికి ఒక పట్నంలో కబడ్డీ పోటీలకి వెళ్లాం. చీటీలు తీస్తున్నారు. మా పేరు వచ్చింది. అవతలి జట్టులో ఒకడు పక్కవాడితో, మాకు వినబడేటట్టే అన్నాడు, "తండావాళ్లా? అయితే మనకి బై దొరికినట్టే." ఆ రోజు మేము రెండు పాయింట్ల తేడాతో గెలిచాం. ఆ కప్పు ఏమైందో ఇప్పుడు గుర్తు లేదు. ఆ మాట మాత్రం ఇన్నేళ్లయినా చెవిలోనే ఉంది. మీలో చాలామంది కాలేజీల్లో, హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఇలాంటి మాట ఏదో ఒకటి వినే ఉంటారు. కొందరు నోటితో అంటారు, కొందరు చూపుతో అంటారు.

ఇంతవరకూ చెప్పింది మనకి సౌకర్యంగా ఉండే కథ. ఇప్పుడు చెప్పబోయేది సౌకర్యంగా ఉండదు. అయినా ఈ సభలోనే చెప్పాలని పెద్దలందరం నిర్ణయించుకున్నాం.

మూడేళ్ల కిందట మన సంఘం ఆటల్లోనే, ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్ పెట్టాం. తండా జట్టుకి కొత్త జెర్సీలు కుట్టించాం, వెనక నంబర్లు వేయించాం. ఏటి ఒడ్డు యానాది కాలనీ నుంచి వచ్చిన జట్టులో ఆరుగురే ఉన్నారు. ఏడోవాడిని ఇంకో ఊరి నుంచి అరువు తెచ్చుకున్నారు. సగం మందికి కాళ్లకి బూట్లు లేవు. చీటీలు తీసే బల్ల దగ్గర మాలో ఒకరం మైకు ఆపడం మరిచిపోయి అన్నాం, "చేపలు పట్టుకునేవాళ్లకి ఫుట్‌బాల్ ఎందుకు? వాళ్లెంతలే." మైదానమంతా వినబడింది. కొంతమంది నవ్వారు.

ఆ మ్యాచ్ కాలనీ పిల్లలు ఒకటి సున్నాతో గెలిచారు. మేము చప్పట్లు కొట్టాం, షీల్డు ఇచ్చాం, భుజం తట్టాం, ఫొటో దిగాం. అంతటితో సరిపోయిందనుకున్నాం.

మరుసటి ఏడు వాళ్లు రాలేదు. ఎందుకు రాలేదని కనుక్కోవడానికి మేమే కాలనీకి వెళ్లాం. గుడిసె ముందు వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దమ్మ మాకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. తర్వాత అంది, "ఓడిపోయిన పిల్లలు మళ్లీ రారని అనుకుంటారయ్యా. మా పిల్లలు గెలిచి కూడా రాలేదు. ఎందుకో మీకు తెలుసు."

తెలుసు. ఆ రోజు పట్నంలో మాకు తగిలిన మాటనే మేము తెచ్చి వాళ్లకి తగిలించాం. చీటీ బల్లకి ఇవతల నిలబడ్డప్పుడు నొప్పి పుట్టించిన మాట, బల్లకి అవతల కూర్చోగానే మన నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. అడవి బిడ్డలం, ఏటి బిడ్డలం, అందరం ఒకటే అని వేదిక మీద చెప్పుకుంటాం. వేదిక దిగాక తండావాడికి యానాది చిన్న, యానాదికి ఇంకెవరో చిన్న. జట్టులో పెద్దా చిన్నా ఉండొచ్చు. మనుషుల్లో పెట్టుకుంటే సంఘం అనే మాటకి అర్థం లేదు.

కాలనీ పిల్లలు ఈ ఏడు వచ్చారు. ఇదుగో, ఎడమ వైపు మూడో వరసలో కూర్చున్నారు. బాబూ, ఆ రోజు ఆ మాట అన్నది మా నోరే. అందరి ముందూ అన్నాం కాబట్టి అందరి ముందూ చెబుతున్నాం. తప్పయింది. క్షమించండి.

ఇప్పుడు చిన్న జట్టు వైపు నుంచి ఇంకో ముచ్చట. ఈ జగ్గయ్యపేట మీదుగా పోయే పెద్ద రోడ్డెక్కి నాలుగు గంటలు పోతే హైదరాబాద్. అక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఒక మాస్టారు ఉండేవారు. అందరూ రహీం సాబ్ అనేవారు. బడి పంతులుగా మొదలై హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ, ఆ తర్వాత దేశ జట్టునీ నడిపించారు. ఆయన శిక్షణలో మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఈమధ్య ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

రహీం సాబ్ కుర్రాళ్లకి వింత పోటీలు పెట్టేవారు. ఒక దాంట్లో బంతిని దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, వెంటనే పాస్ ఇవ్వాలి. ఇంకో దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడి కాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమ కాలి వాటం ఉన్నవాడు కుడి కాలితో. దీని గురించి మేము చాలా ఆలోచించాం. ఎడమ కాలికి జబ్బేమీ లేదు. దానికి బంతి ఇవ్వలేదు, అంతే. ప్రతిసారీ కుడి కాలికే ఇస్తూ పోయి, ఎడమ కాలు చేతగానిదని పేరు పెట్టాం. బలహీనం అని మనం పిలిచే చాలా వాటి సంగతి ఇంతే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు ఉండేవాడు. ఆట చూసి రహీం సాబ్ రమ్మన్నారు. మైదానం దూరం, రావడానికి డబ్బుల్లేవు. మాస్టారే సైకిలు అద్దెకి డబ్బిచ్చి రప్పించారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్ వెళ్లాడు, దేశం మెచ్చిన ఆటగాడయ్యాడు. 2023లో కన్నుమూశారు. ఎవరికైనా బంతి ఇవ్వడం అంటే ఒక్కోసారి సైకిలు అద్దె ఇవ్వడం. మనలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో రెండు సున్నాతో ఓడిపోయాం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా జనం, వాళ్లందరూ మనకి వ్యతిరేకం. మన డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం. మొదటి రోజు ఓడిన లెక్క పట్టుకుని వాదించేవాళ్లయితే ఆ రోజు మనకి గెలుపు అవకాశం ఎంత ఇచ్చేవారు? అప్పటికే కేన్సర్‌తో ఉన్న రహీం సాబ్ మరుసటి ఏడు 1963లో పోయారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ బంగారు పతకం రాలేదు.

చెల్లెళ్లు చాలాసేపటి నుంచి ఓపిగ్గా వింటున్నారు. ఇక మీ మాట. 2025లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన ఆడపిల్లల జట్టు ఆసియా కప్ అర్హత పోటీలు ఆడింది. అందులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. గుగులోత్ అనే ఇంటిపేరు వినగానే తండాల్లో ఇంక పరిచయం అక్కర్లేదు. ఒడిశా నుంచి ప్యారీ ఖాఖా ఉంది.

మొదటి మ్యాచ్ మంగోలియాతో. మన జట్టు 13-0తో గెలిచింది. ప్యారీ ఐదు, సౌమ్య రెండు. అప్పుడు మన కుర్రాళ్లలో ఒక వాదన వచ్చింది. "అంత బలహీనమైన జట్టు మీద పదమూడు గోల్స్ వెయ్యాలా? ఐదారు వేసి ఆపితే పెద్దమనిషి తరహాగా ఉండేది కదా." మాకు అలా అనిపించలేదు. అర్హత పోటీల్లో పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా కూడా చూడాల్సి రావచ్చు, కాబట్టి ప్రతి గోల్‌కీ విలువ ఉంది. అంతకన్నా ముఖ్యం, అవతలి జట్టుతో ఆఖరి నిమిషం దాకా నిజంగా ఆడటమే వాళ్లకిచ్చే మర్యాద. 'పాపం' అని కాళ్లు కట్టేసుకుని ఆడితే అది కూడా 'వాళ్లెంతలే' అనడమే. మెత్తగా అన్నాం, అంతే తేడా.

తర్వాత తిమోర్ లెస్తేని 4-0, ఇరాక్‌ని 5-0. మూడు మ్యాచ్‌ల్లో 22 గోల్స్ వేసి ఒక్కటి కూడా తినలేదు. ఆఖరిది జూలై 5న థాయిలాండ్‌తో, వాళ్ల గడ్డ మీద. వాళ్లు 46వ ర్యాంకు, రెండుసార్లు ప్రపంచ కప్ ఆడినవాళ్లు. మనం 70. వారం తిరగకుండానే పెద్ద జట్టు కాస్తా చిన్న జట్టు అయిపోయింది. జట్టు అదే, అమ్మాయిలు అదే. 'చిన్న' అనేది మనలో ఉండే గుణం కాదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఎదురుగా ఎవరున్నారన్న దాన్ని బట్టి వచ్చే పేరు అది.

ఆ సాయంత్రం మళ్లీ వాదన. ఈసారి మన కుర్రాళ్లే, "ఎందుకులే, థాయిలాండ్ మీద మనమెంత" అన్నారు. హోలీ రాత్రి గోడకి ఆనుకుని మాట్లాడిన ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తనే అంది, "వాళ్లు గోల్స్ ఎక్కువ వేసింది మనం కొట్టినలాంటి జట్ల మీదే కదన్నా. నిజంగా గట్టి జట్టు వాళ్లకీ ఇంకా తగల్లేదు." ఈసారి ఎవరూ నవ్వలేదు. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్, థాయిలాండ్ ఒకటి. 2-1. మన ఆడపిల్లలు అర్హత పోటీలు ఆడి గెలిచి ఆసియా కప్‌కి వెళ్లారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము చెప్పదలుచుకున్నది ఇదే. 'వాళ్లెంతలే' అన్నా, 'మనమెంతలే' అన్నా తప్పు ఒకటే. రెండూ చూడటం మానేసినవాళ్ల మాటలు. మొదటిది అన్నవాడు ఎదుటివాడిని చూడడు. రెండోది అన్నవాడు తనని తాను చూసుకోడు. గ్రూప్ పరీక్ష నోటిఫికేషన్ రాగానే "పట్నంలో కోచింగ్ తీసుకున్నవాళ్ల ముందు మనమెంతలే" అని దరఖాస్తే పెట్టని పిల్లలు మన తండాల్లో ఎంతమందో మాకు తెలుసు. మైదానంలోకి దిగకముందే అవతలివాళ్లకి బై ఇచ్చేస్తున్నాం.

వాదించుకోవద్దని అనం. మ్యాచ్ ముందు రాత్రి వాదన లేకపోతే ఆటకి రుచే లేదు. కానీ వాదనకి కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పేరూ ర్యాంకూ పక్కన పెట్టి, ఈ మధ్య ఆడిన నాలుగైదు మ్యాచ్‌ల్లో ఇద్దరూ నిజంగా ఏం చేశారు? వాళ్ల గురించి మనకేం తెలుసు, మన గురించి వాళ్లకేం తెలుసు? మొదటి గోల్ మనం వేస్తే ఏం చేస్తాం, వాళ్లు వేస్తే ఏం చేస్తాం? ఈ మూడిటికీ జవాబు లేకుండా ఐదు గోల్స్ అని చెప్పేవాడు అభిమాని కావచ్చు గానీ ఆట చూసేవాడు కాదు. ఇంకో చిన్న మాట. గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల ఏదైనా అడిగితే, నవ్వే ముందు జవాబు వెతకండి.

ఇక మధ్యాహ్నం ఆటల సంగతి. ఈ ఏడు ఊరికో జట్టు, కులానికో జట్టు లేదు. తండాల పిల్లలు, యానాది కాలనీ పిల్లలు, ఎరుకల కాలనీ పిల్లలు అందరి పేర్లూ ఒకే డబ్బాలో వేశాం. ఎవరు ఏ జట్టో చీటీ చెబుతుంది. ఆడపిల్లలకి రెండు జట్లు, మగపిల్లలకి నాలుగు. బూట్లు లేనివాళ్ల కోసం అందరూ ఉత్త కాళ్లతోనే ఆడాలని పెట్టాం. కాబట్టి ఆ కొత్త బూట్లు తెచ్చుకున్న తమ్ముళ్లు మమ్మల్ని తిట్టుకోకండి.

చీటీలు తీసేది కూడా మేము కాదు. మూడో వరసలో కూర్చున్న కాలనీ కుర్రాడు తీస్తాడు. మైకు ఆపక్కర్లేదు. ఇవాళ ఈ బల్ల దగ్గర ఏం మాట్లాడినా అందరికీ వినబడాలి.

అన్నాలు తిని రెండున్నరకల్లా మైదానానికి రండి. సెలవు. రామ్ రామ్.